మా లెక్కలు మేమే చదువుతాం

ఫిల్మ్‌నగర్ మా మీద తీసిన కథలు ఇక చాలు. టోపీ పెట్టుకున్న నమ్మకస్తుడు, కాదంటే కత్తి పట్టిన పాతబస్తీ రౌడీ, అదీ కాదంటే బాంబు. వాడి నెల సంపాదనెంతో, ఇంటి కిరాయెంతో ఏ సినిమా చెప్పింది?

అదే జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో పెట్టారు, 1991లో ఆ పేరొచ్చింది. 1915లో కొలంబియాలో ఎకనామిక్స్ ఎం.ఏ. చేసిన మనిషి పేరు. కులంతో కలబడ్డ ఆయన 1923లో రూపాయి సమస్య మీద పుస్తకమే వేశారు. మాకు మాత్రం బిర్యానీ, ఖవ్వాలీ చాలంటారు సెక్యులర్ మిత్రులు! మా పెద్దలేం తక్కువ తిన్లేదు: 'ఎం.ఏ. దేనికి బేటా, దుబాయ్ పో.'

పేరున్న కాలేజీల్లో పీజీ చదివే యాభై మందిలో ముస్లిం ఒక్కరేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది.

ఇంట్లో కూచుని జర్దోజీ కుట్టే ఆపాకి ముక్కకింత కూలి. పాఠ్యపుస్తకంలో ఆమె 'అసంఘటిత రంగం'. పేరు లేదు, బస్తీ లేదు, మతం లేదు. మధ్యలో దళారీ ఎంత మింగుతున్నాడో ఎవరు లెక్కగట్టాలి? ఆమె కూతురే. పగలు పనిచేసుకుంటూ, దూరవిద్యలోనైనా సరే, ఎం.ఏ. చదివి.

ఉర్దూలో ఎకనామిక్సా అని నవ్వకండి. 1918లో మొదలైన ఉస్మానియా మాషియాత్ పేరుతో అర్థశాస్త్రాన్ని ఉర్దూలోనే బోధించింది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆ మీడియం పోయింది. గచ్చిబౌలిలో ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది 1998లో. నడుమ యాభై ఏళ్లు. ఆ నష్టాన్ని ఏ బడ్జెట్‌లో, ఏ పద్దు కింద రాశారు?