చలిరాత్రి బసకు ముందు చెప్పవలసిన మాట

శీతాకాలంలో విద్యార్థులను ఒక రాత్రి బసకు బయటికి తీసుకువెళ్లాలని మన రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బడులూ మదర్సాలూ సంకల్పించడం మంచి విషయం. దగ్గరలోనే రామగిరి ఖిల్లా ఉంది. గోదావరి దాటి మంచిర్యాల మీదుగా సాగితే జన్నారం, అక్కడ 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి ఉన్నాయి. ఆకాశాన్నీ భూమినీ చూచి యోచించమని దివ్యఖుర్ఆన్ పదే పదే పిలుపునిస్తుంది. బొగ్గు దుమ్ము మధ్య పెరిగే పిల్లలు ఒక్క రాత్రి నిర్మలాకాశంలో నక్షత్రాలను చూడటం కూడా విద్యాభ్యాసమే.

బయలుదేరే ముందు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఏమేం సర్దాలి? రగ్గు, స్వెట్టరు, చెవులు కప్పే టోపీ, టార్చిలైటు, రెండో జత బట్టలు. ఇవన్నీ అవసరమే. అడవి అంచున చలి మన కాలనీల చలికంటే ఎక్కువగా ఉంటుంది. కానీ సంచి నిండినంత మాత్రాన పిల్లవాడు సిద్ధమైనట్లు కాదు. బొగ్గుబాయిలో కొత్తగా చేరిన కార్మికునికి టోపీ, దీపం, బూట్లు ఇచ్చి నేరుగా కిందికి దింపరు. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమాల ప్రకారం ముందు శిక్షణ ఇస్తారు. లోపల ఏ ఆపద ఎలా వస్తుందో, వస్తే ఏం చేయాలో పైన ఉన్నప్పుడే నేర్పుతారు. ఈ సంగతి మన ఇళ్లలోని తండ్రులకు తెలియనిది కాదు.

చలిరాత్రికి అలా ముందుగా నేర్పవలసిన విషయాల్లో ఒకటి సిగ్గు మూలంగా మన పెదవి దాటదు. పదమూడు, పద్నాలుగేళ్ల బాలునికి నిద్రలో ఇహ్తిలామ్ కావచ్చు. గుస్ల్ విధి అవుతుంది. ఇంట్లో అయితే తల్లి నీళ్లు కాచి ఇస్తుంది. ఇరవైమంది తోటివారి మధ్య, కొత్తచోట, వణికించే తెల్లవారుజామున అతను ఏం చేస్తాడు? ఎవరికీ చెప్పుకోలేక మంచులాంటి నీళ్లు పోసుకుని జ్వరం తెచ్చుకుంటాడు. లేదా ఫజ్ర్ నమాజ్ వదిలేసి, ఆ బరువును మనసులో మోస్తూ తిరుగుతాడు. ఈ రెండింటిలో ఏదీ ధర్మం అతని నుంచి కోరలేదు.

హిజ్రీ 8వ సంవత్సరంలో జాతుస్సలాసిల్ దండయాత్రలో నాయకుడైన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు తీవ్రమైన చలిరాత్రి ఇదే పరిస్థితి ఎదురైంది. స్నానం చేస్తే ప్రాణానికే ముప్పని భయపడి, ఆయన తయమ్ముమ్ చేసి సహచరులకు నమాజ్ చదివించారు. తిరిగి వచ్చాక దైవప్రవక్త (స) ఆ సంగతి అడిగారు. మిమ్మల్ని మీరు చంపుకోవద్దన్న అల్లాహ్ ఆజ్ఞ తనకు గుర్తుకు వచ్చిందని ఆయన విన్నవించుకున్నారు. ప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు, తప్పుపట్టలేదు.

దీనికి ఎదురుగా మరో సంఘటనను హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తర్వాత ఆయనకు ఇహ్తిలామ్ అయింది. తయమ్ముమ్‌కు అనుమతి ఉందా అని తోటివారిని అడిగితే, నీళ్లుండగా లేదన్నారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఈ వార్త విని ప్రవక్త (స) వారిని తీవ్రంగా మందలించారు. తెలియనితనానికి మందు అడిగి తెలుసుకోవడమేనన్నారు. ఈ రెండు హదీసులూ అబూ దావూద్ గ్రంథంలో ఉన్నాయి. ఒకచోట తెలిసినవాని ప్రాణం నిలిచింది, మరొకచోట తెలియనివారి మాటకు ఒక ప్రాణం పోయింది.

కనుక ఈ మాటను కుమారునికి తండ్రి, కుమార్తెకు తల్లి బయలుదేరడానికి ముందే చెప్పాలి. బాలికల బృందం వెళితే రుతుకాలపు నమాజ్ విధులు కూడా తల్లి గుర్తుచేయాలి. ఇక ఉపాధ్యాయుల బాధ్యత: ఎవరికి అవసరమని విచారించకుండానే ఫజ్ర్‌కు గంట ముందు పెద్ద గుండిగలో నీళ్లు కాచి, స్నానానికి చాటు ఏర్పాటు చేయాలి. అందరూ వుజూకు వేణ్ణీళ్లు ముంచుకునేచోట, గుస్ల్ అవసరమైనవాడు ఎవరో ఎవరికీ తెలియదు. అతని గౌరవం నిలుస్తుంది. వేడినీళ్లు దొరికేటప్పుడు తయమ్ముమ్ అవసరమూ రాదు. వీలులేక, చన్నీళ్లతో జబ్బు చేస్తుందన్న నిజమైన భయం ఉన్నప్పుడే ఆ సడలింపు.

నమాజ్ విషయంలో దూరం కూడా చూసుకోవాలి. హనఫీ ఉలమాల లెక్కలో ముసాఫిర్ కావడానికి సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణం ఉండాలి. రామగిరి అంత దూరం కాదు, అక్కడ నమాజులు పూర్తిగా చదవాలి. జన్నారం ఆ హద్దుకు దగ్గరగా ఉంటుంది గనుక, ఊరి పొలిమేర నుంచి కొలిచి, ఉలమాను అడిగి, ముందే నిర్ణయించుకోవాలి.

ఇక నిప్పు సంగతి. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. అది విని ప్రవక్త (స), నిప్పు మీకు శత్రువనీ, పడుకునేటప్పుడు దాన్ని ఆర్పివేయమనీ ఆదేశించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. చలికి తాళలేక బొగ్గుల కుంపటిని గదిలో పెట్టి తలుపులు మూసుకునే అలవాటు మరింత ప్రమాదకరం. కుంపటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ వాయువు ఎంత నిశ్శబ్దంగా చంపుతుందో గని కార్మికుని ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. కుంపటి ఆరుబయట ఉండాలి, పడుకునేముందు ఆరిపోవాలి. అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా నిప్పు రాజేయనే కూడదు. పడుకోబోయే ముందు పక్క దులుపుకోవడం కూడా ప్రవక్త (స) నేర్పిన మర్యాదే. తేళ్లు తిరిగే చోట దాని విలువ ప్రత్యక్షంగా తెలుస్తుంది.

ముగ్గురు ప్రయాణమైనా ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమన్నారు ప్రవక్త (స). ప్రతి పదిమంది పిల్లలకూ ఒక అమీర్‌ను ముందే నియమించి, సందేహం కలిగినా ఒంట్లో బాగాలేకపోయినా ఏ ఉస్తాదును నిద్రలేపవచ్చో పేరుతో సహా చెప్పండి. అడగడానికి జంకని పిల్లవాడే నిజంగా ప్రయాణానికి సిద్ధమైనవాడు.

అల్లాహ్ మన పిల్లలకు ధర్మజ్ఞానాన్నీ క్షేమాన్నీ, వారికి సిగ్గుపడకుండా బోధించే మనోనిబ్బరాన్ని మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.