ఏ ఊరు, ఏ జబ్బు

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి:

నేను రాప్తాడులో ఉంటూ జిల్లాలోని ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. ఓపీ ఎంత, కాన్పులెన్ని, ఎన్ని మంచాలు నిండాయి అని పైనుంచి అడుగుతారు, నెలాఖరుకు పట్టికలు కట్టి పంపుతాం. రోగి ఏ ఊరివాడు, పోయినవాడు దేనితో పోయాడు అని మాత్రం ఎవరూ గట్టిగా అడగరు. ఈ లేఖ ఆ రెండు గడుల గురించే.

పొద్దున తొమ్మిదికి ఓపీ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. "ఏ ఊరమ్మా?" అంటే "గొందిరెడ్డిపల్లి సార్" అంటుంది పెద్దావిడ. వెనక క్యూ తోస్తుంటుంది. ఆపరేటరు ఆ పేరును ఒకరోజు కలిపి కొడతాడు, ఒకరోజు విడగొడతాడు, రద్దీ ఎక్కువైతే "అనంతపురం" అని కొట్టి చీటీ చేతిలో పెడతాడు. ఆ పిల్లాడిని తప్పుపట్టను, అన్ని పేర్లూ చేత్తో కొట్టమంటే ఎవరైనా అంతే. ఆభా అనే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు ఉందిగా అంటారేమో. ఆధార్‌తో తీసిన ఆభాలో ఉండేది ఆధార్ చిరునామానే. బెంగుళూరుకు పనికి పోయి జబ్బుతో తిరిగొచ్చినోళ్లకు కార్డులో ఒక ఊరు, కాపురం ఇంకో ఊరు.

ఊరి పేరుతో పనేమిటంటారా? బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న జిల్లా మనది. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందలాది ఊళ్లకు మంచినీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు అందిన ఊళ్లలో ఫ్లోరైడ్‌తో కీళ్లు పట్టేసినవాళ్లు తగ్గారా? ఇప్పటికీ బోరునీళ్లే తాగే ఊళ్ల సంగతేమిటి? ఊరు సరిగ్గా రాసి ఉంటే ఓపీ రికార్డులే కొంత జవాబు చెప్పేవి.

రికార్డులకు ఆ శక్తి ఉందనడానికి దూరం పోనక్కర్లేదు. బత్తలపల్లిలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) ఆసుపత్రి డాక్టర్లు తమ హెచ్ఐవీ రోగుల వివరాలను ఏళ్ల తరబడి ఒకచోట చేర్చారు. మందులకు అర్హులైనవాళ్లు ఎందుకు ఆలస్యంగా మొదలుపెడుతున్నారో, ఎవరు మధ్యలో రావడం మానేస్తున్నారో వాటిలోంచే వెలికితీసి అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించారు. కరువు జిల్లాలో జరిగిన పని అది.

ఇక రెండో గడి. ఆసుపత్రిలో మనిషి పోతే ఫారం 4 అనే మరణ కారణ పత్రం నింపాలి. మరణానికి దారితీసిన జబ్బు రాయండి, గుండె వైఫల్యం లాంటి చనిపోయిన తీరు రాయొద్దు అని ఆ ఫారంలోనే అచ్చేసి ఉంటుంది. అయినా నా దగ్గరికొచ్చే కాగితాల్లో తరచూ కనబడేది "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అన్న ముక్కే. చనిపోయిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది కదా! పాము కరిచిందా, పురుగుల మందు తాగాడా, షుగరు ముదిరి కిడ్నీలు పోయాయా? కేస్ షీటు తిరగేస్తే ఉంటుంది, ఫారంలో ఉండదు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం మరణ కారణ పత్రం కాపీ దగ్గరి బంధువుకూ ఇవ్వాలి. రైతు ఇంట్లో ఆ కాగితం మీద గుండె ఆగిందని ఉంటే వాళ్లకేం తెలుస్తుంది?

నేను అడిగేవి డబ్బుతో పెద్దగా పనిలేనివి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రతి గ్రామానికీ కోడ్ ఇచ్చింది. ఓపీ సాఫ్ట్‌వేర్‌లో ఆ జాబితా పెట్టించండి, ఇప్పుడు ఉంటున్న ఊరు వేరుగా అడిగించండి. హౌస్ సర్జన్లకు డ్యూటీలో చేరిన వారంలోనే ఫారం 4 నింపడం నేర్పించండి. మేం పంపే లెక్క ఊరివారీగా తిరిగి పీహెచ్‌సీ డాక్టరుకు, ఏఎన్ఎంకు చేరేలా చూడండి. ఒక్క జాగ్రత్త: పేర్లు తీసేస్తే చాలదు. చిన్న ఊళ్లో హెచ్ఐవీ ఒక్కరికి అని వేస్తే ఆ ఒక్కరెవరో సాయంత్రానికి రచ్చబండ దగ్గర తేలిపోతుంది. అంత చిన్న అంకెలను పట్టికలో వేయకూడదని ఉత్తర్వులోనే రాయండి.

ఇట్లు,
రాప్తాడు నుంచి ఒక డేటా అనలిస్టు