ఇంటికొచ్చుడు ఓటమేనా?

మన దిక్కు ఒక మాట ఉంది: "వాపసొచ్చిండట." దుబాయ్ నుంచి వచ్చినా, డల్లాస్ నుంచి వచ్చినా, హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి వచ్చినా అదే మాట. అందులో కొంచెం జాలి ఉంటది, కొంచెం ఎక్కిరింపు ఉంటది. వచ్చినోడు ఏం పోగొట్టుకున్నాడో అని అడుగుతారే గాని, ఇక్కడ ఏం చేద్దామని వచ్చాడో ఎవరూ అడగరు.

ఆటగాళ్ళకు ఈ మాట ఇంకా గట్టిగా తగుల్తది. బయటి దేశంలో ఆడి తిరిగొచ్చారంటే పనికిరాక పంపించేశారనే లెక్క. నాకు ఈ లెక్క తప్పనిపిస్తుంది. ఇంటికి రావడం ఓటమి కాదు. వచ్చినవాళ్ళు ఆడటానికి ఇంటి దగ్గర ఏమీ లేకపోవడం ఓటమి. అది ఆటగాడి ఓటమి కాదు, మనది.

ముందుగా ఒక రష్యా కుర్రాడి కథ. మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ. రష్యా, కెనడాల్లో హాకీ అంటే మంచు మీద ఆడేది. వలేరి నిచుష్కిన్‌ది చెల్యాబిన్‌స్క్. 2013లో అమెరికా, కెనడాల నేషనల్ హాకీ లీగ్ డ్రాఫ్ట్‌లో డల్లాస్ స్టార్స్ అతన్ని 10వ స్థానంలో ఎంచుకుంది. డ్రాఫ్ట్ అంటే మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిదే అనుకోండి. కాకపోతే అక్కడ లైన్‌లో నిలబడేది కుర్రాళ్ళు కాదు, టీమ్‌లు. అప్పటికి అతని వయసు 18.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది తుంటికి దెబ్బ తగిలి 8 మ్యాచ్‌లే ఆడాడు. మూడో ఏడాది 79 మ్యాచ్‌ల్లో 9 గోల్స్. 2016లో కొత్త కాంట్రాక్టు మాటలు కుదరలేదు. సెప్టెంబర్‌లో మాస్కో క్లబ్ సీఎస్‌కేఏకు వెళ్ళిపోయాడు, 21 ఏండ్ల వయసులో. మన ఊర్లో అయితే "అయిపాయె, వాపసొచ్చిండు" అనేవాళ్ళు.

కానీ అయిపోలేదు. రెండు సీజన్లు అక్కడ ఆడి 2018లో మళ్ళీ డల్లాస్ వెళ్ళాడు. ఆ సీజన్‌లో 57 మ్యాచ్‌లు ఆడితే ఒక్క గోల్ కూడా పడలేదు. డల్లాస్ వదిలేసింది. 2019లో కొలరాడో తీసుకుంది. 2022లో కొలరాడో స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆ టీమ్‌లో ముఖ్యమైన ఆటగాళ్ళలో అతనొకడు.

ఇది అతని పట్టుదల కథగా చెప్పుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో కనిపించింది వేరే. 2016లో అతను ఇంటికి వచ్చేసరికి అక్కడ ఒక లీగ్ ఉంది. 2008లో 24 టీమ్‌లతో మొదలైన కాంటినెంటల్ హాకీ లీగ్ అది. జీతం ఉంది, కోచ్ ఉన్నాడు, టికెట్ కొని చూసే జనం ఉన్నారు. అందుకే వాపసొచ్చిన రెండేండ్లూ అతను ఆటగాడిగానే ఉన్నాడు. మళ్ళీ వెళ్ళగలిగింది కూడా అందుకే.

అట్లని రష్యాను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇవాన్ ఫెదొతోవ్ అనే గోల్‌కీపర్ 2022లో ఫిలడెల్ఫియాకు వెళ్ళడానికి సిద్ధమైతే, సైనిక సేవ ఎగ్గొట్టాడని అదుపులోకి తీసుకుని సైన్యానికి పంపారు. అతను ఫిలడెల్ఫియా చేరేసరికి 2024 వచ్చింది. ఇల్లు పట్టి ఆపేస్తే అది ఇల్లు కాదు. పోవడానికీ రావడానికీ రెండు దిక్కులా దారి ఉండాలి. నేను అడిగేది ఆ రెండో దారి గురించి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గుగులోతు సౌమ్య పేరు మనలో ఎంతమందికి తెలుసు? నిజామాబాద్ జిల్లా కిసాన్ నగర్ తండా అమ్మాయి. ఫుట్‌బాల్‌లో దేశానికి ఆడుతోంది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌లో చేరింది. ఒక తండా నుంచి యూరప్ క్లబ్ దాకా వెళ్ళిందంటే చిన్న సంగతి కాదు. తర్వాత వాపసొచ్చింది. వచ్చి ఏం చేసింది? 2024-25 సీజన్‌లో ఈస్ట్ బెంగాల్ తరఫున ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. 2025 మేలో భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ప్రకటించింది.

వాపసొచ్చుడు ఓటమి కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కానీ ఒక్కటి గమనించండి. ఆమె వచ్చింది ఏ ఇంటికి? ఈస్ట్ బెంగాల్ ఉన్నది కోల్‌కతాలో. అంతకుముందు ఆడిన గోకులం ఉన్నది కేరళలో. 2024-25లో ఆ లీగ్‌లో ఆడిన 8 టీమ్‌లలో తెలంగాణ టీమ్ ఒక్కటి కూడా లేదు. దేశానికి వచ్చింది గాని, ఊరి బస్సు దూరంలో ఆమె ఆడటానికి ఏమీ లేదు. తండాలో వాళ్ళు ఆమె ఆట ఎక్కువగా ఫోన్‌లోనే చూడాలి.

మగవాళ్ళ ఫుట్‌బాల్ సంగతి చూస్తే ఇంకా బాధ. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. పాలమూరు నుంచి కూలీలు వలస పోయారని విన్నాం. ఇప్పుడు క్లబ్బులు కూడా వలస పోతున్నాయి.

హాకీకి వస్తే, ఈ నగరానికి మస్తు చరిత్ర ఉంది. మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేశ్ కుమార్ హైదరాబాదీ. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ గచ్చిబౌలిలోనే జరిగింది, హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. మళ్ళీ మొదలైన హాకీ ఇండియా లీగ్‌లో 2025 ఫిబ్రవరి 1న హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ ఆడి 4-3తో ఓడింది. ఆ ఫైనల్ జరిగింది రూర్కెలాలో. ఆ సీజన్‌లో మగవాళ్ళ మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీల్లోనే జరిగాయి. పేరులో హైదరాబాద్ ఉంది గాని, హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఒడిశా, జార్ఖండ్‌లకు అదృష్టం ఊరికే రాలేదు. అక్కడ మైదానాలు కట్టారు, ఆటను పోషించారు. మ్యాచ్‌లు అక్కడికే పోయాయి.

రాజధానికే ఇట్లుంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ సంగతి చెప్పనక్కర్లేదు. మాది దేవరకొండ దగ్గర. అమ్మమ్మ వాళ్ళది కల్వకుర్తి అవతల. పేరున్న ప్రభుత్వ క్రీడా పాఠశాలలు హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఉన్నాయి. మూడూ మాకు ఉత్తరానే. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు. మా వైపు నేను చూసిన వాటిలో కొన్ని వడ్లు ఆరబోయడానికి బాగా పనికొస్తున్నాయి. రైతును తప్పు పట్టను, కల్లం లేనోడు ఎక్కడ పోస్తాడు? ఆడేవాళ్ళు రోజూ వస్తే ఆ నేలను ఎవరూ కల్లం చేయరు. వాళ్ళు రాకపోవడానికి కారణం, ఆడితే దాని తర్వాత ఏముందో కనపడకపోవడం.

మా ఊర్లో కబడ్డీ బాగా ఆడే ఒక అన్న ఉన్నాడు. రాష్ట్ర పోటీల దాకా పోయాడు. హైదరాబాద్‌లో రెండేండ్లు రూమ్‌లో ఉండి ప్రాక్టీస్ చేసి, డబ్బులు సరిపోక తిరిగొచ్చాడు. ఇప్పుడు వరికోత మెషిన్ నడుపుతున్నాడు. "అన్నా, మళ్ళ ఆడవా?" అని అడిగితే, "ఎవలతోని ఆడాలె తమ్మీ?" అన్నాడు. ఇంటికొచ్చినందుకు అతని ఆట ఆగిపోలేదు. వచ్చిన చోట ఎదురు నిలబడి ఆడే టీమ్ లేక ఆగింది. దసరాకు ఒక టోర్నమెంట్, సంక్రాంతికి ఒక టోర్నమెంట్, మధ్యలో ఏమీ ఉండదు. ఏడాదికి నాలుగు రోజుల ఆటతో ఎవరూ ఆటగాడిగా మిగలరు.

"ఎంత చెప్పినా, పెద్ద ఆట బయటే ఉంది కదా" అంటారు మీరు. ఒప్పుకుంటాను. జాగ్రెబ్‌లో దొరికే పోటీ నల్లగొండలో దొరకదు. పోవాల్సినవాళ్ళు పోవాలి. కానీ పోయిన ప్రతి ఒక్కరూ అక్కడ నిలబడరు. పదిమంది పోతే ఒకరికి దెబ్బ తగుల్తది, ఒకరికి కోచ్ మారతాడు, ఒకరికి ఇంట్లో నాన్నకు బాగుండదు. వాళ్ళందరినీ ఇరవై ఏండ్లకే "అయిపాయె" అనేస్తే, తర్వాతి పిల్లను పంపడానికి ఏ అమ్మానాన్న ధైర్యం చేస్తారు? తిరిగొచ్చే దారి ఉందని తెలిస్తేనే పోయే దారిలో భయం తగ్గుతది.

ఇంకో మాట: "జిల్లాల్లో చూసేవాళ్ళు ఎవరు?" ఊరి కబడ్డీ పోటీకి రాత్రి లైట్ల కింద ఎంత జనం ఉంటారో చూసినవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. చూసేవాళ్ళకు కొదవ లేదు. వారం వారం చూడటానికి ఆట లేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. రెండు ఉమ్మడి జిల్లాలకు కలిపి, ఏడాదిలో కనీసం నాలుగు నెలలు నడిచే లీగ్ ఒకటి. కబడ్డీతో మొదలుపెట్టి, ఫుట్‌బాల్, హాకీలకు పెంచుకోవచ్చు. నల్లగొండలో మేకల అభినవ్ స్టేడియం ఉంది, మహబూబ్‌నగర్‌లో స్టేడియం ఉంది. ఆడేవాళ్ళకు బస్సు ఖర్చు, భోజనం, మ్యాచ్‌కింత అని డబ్బు. బయట ఆడి తిరిగొచ్చినవాళ్ళకు స్కూళ్ళలో కోచ్ పని. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, అడగాల్సింది మనం. ఎన్నికలప్పుడు ఊరికొచ్చే నాయకులను రోడ్డు అడుగుతాం, నీళ్ళు అడుగుతాం. లీగ్ అడిగినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

మనం చేయగలిగింది కూడా ఉంది. ఫెస్ట్‌కు స్కోరు యాప్ చేస్తాం, డ్రోన్‌తో వీడియో తీస్తాం, లైవ్ పెడతాం. అదే పని సెలవుల్లో మన మండలం టోర్నమెంట్‌కు చేయొచ్చు. ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో రాసిపెట్టిన లెక్క లేకనే మా ఊరి అన్న లాంటివాళ్ళు ఏ సెలెక్టర్ కంటా పడలేదు. ఆ లెక్క రాసిపెట్టడానికి బీటెక్ కూడా అక్కర్లేదు, ఒక ల్యాప్‌టాప్, నాలుగు సాయంత్రాలు చాలు.

ఈ దసరా సెలవులకు నేను మా మండలం కబడ్డీ పోటీకి స్కోరు రాస్తానని మాటిచ్చాను. నల్లగొండ, పాలమూరు దోస్తులు ఎవరైనా కలిసొస్తే రెండో మండలం కూడా చేద్దాం. ఇగ ఆ వరికోత మెషిన్ అన్నను టీమ్‌లోకి రమ్మని అడిగే పని కూడా నాదే.