మట్టి మన్నిస్తుంది... నీరు మన్నించదు!

తమలపాకు తీగ ముక్క ఒకటి తెంచి, హార్లిక్స్ సీసాలో నీళ్లు పోసి, అందులో పెట్టి కిటికీలో ఉంచితే ఏమవుతుంది? కొద్దిరోజులు తిరిగేసరికి కణుపు దగ్గర తెల్లటి వేళ్లు వస్తాయి. ఆ పైన చిన్న ఆకు తొంగిచూస్తుంది. ఇంటిల్లిపాదికీ సంబరమే! తమలపాకులకి పేరుపడ్డ తునిలో ఈ ముచ్చట తెలియని పిల్లలు తక్కువే ఉంటారు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. రోజులు గడిచేకొద్దీ కొత్త ఆకులు చిన్నవైపోతాయి. పాత ఆకులు పసుపు తిరుగుతాయి. నీళ్లు మార్చినా అంతే. ఎండ తగిలేచోట పెట్టినా అంతే. 'రోజూ నీళ్లు మారుస్తూనే ఉన్నాం కదా, ఇంకేం లోటు చేశాం?' అనిపిస్తుంది. లోటు నీళ్లది కాదు, తిండిది. తోటలో అవిశె చెట్టుని పట్టుకుని పాకే తీగకి పశువుల ఎరువు, నూనెచెక్క వేస్తారు. ఆ బలాన్ని మట్టి దాచిపెట్టుకుని కొంచెం కొంచెంగా అందిస్తుంది. సీసాలో ఆ వంటమనిషి లేడు!

మట్టి లేకుండా కూరగాయలు పండించే 'హైడ్రోపోనిక్స్' గుట్టంతా ఇక్కడే ఉంది. మేడమీద నాలుగు బకెట్లు పెట్టుకుని ఆకుకూరలు పండించుకోవాలని చాలామందికి ఉంటుంది. బకెట్లు దొరుకుతాయి, విత్తనాలూ దొరుకుతాయి. చిక్కల్లా ఆ నీళ్లలో ఏం కలపాలన్న దగ్గరే. అది తెలియకే చాలామంది బకెట్లు చివరికి బట్టలు నానబెట్టుకోవడానికి వెళ్లిపోతాయి.

పుదీనా చెప్పిన రహస్యం

'మట్టి లేకుండా మొక్కకి బలం ఎక్కణ్నుంచి వస్తుందండీ?' అని గోదారి జిల్లాల్లో ఏ రైతైనా అడుగుతాడు. సరిగ్గా ఇదే అనుమానం మూడొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయనకీ వచ్చింది. వాననీళ్లలో, థేమ్స్ నది నీళ్లలో, తోటమట్టి కలిపిన నీళ్లలో పుదీనా జాతి మొక్కల్ని పెంచి చూశాడు. వాననీళ్ల మొక్క అంతంతమాత్రంగా పెరిగింది. మట్టి కలిపిన నీళ్లలోది ఏపుగా పెరిగింది. మొక్కకి నీళ్లొక్కటే చాలవని 1699లో ఆయన రాసిపెట్టాడు.

ఆ మట్టిలో ఉన్నదేమిటో తేలడానికి ఇంకో నూట అరవై ఏళ్లు పట్టింది. 1860 ప్రాంతంలో జర్మనీ శాస్త్రవేత్తలు జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ కొన్ని లవణాలు తూకం ప్రకారం నీళ్లలో కలిపి, మట్టి అన్నదే లేకుండా మొక్కల్ని పెంచి చూపించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గెరికె దీన్ని ప్రయోగశాల గడప దాటించాడు. ఆయన టొమాటో తీగలు 25 అడుగులు పెరిగాయని పేపర్లన్నీ రాశాయి. 'హైడ్రోపోనిక్స్' అన్న పేరు 1937లో ఆయన ద్వారానే వాడుకలోకొచ్చింది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన హోగ్లండ్, ఆర్నన్ 1938లో నీళ్లలో కలపాల్సిన పాళ్లని చిన్న పుస్తకంగా వేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్న లెక్కకి మూలం అదే.

మనదేశానికీ ఇది మరీ కొత్తేం కాదు. 1946-47 ప్రాంతంలో జేమ్స్ షోల్టో డగ్లస్ అనే ఆయన బెంగాల్లోని కాలింపాంగ్‌లో ప్రయోగాలు చేశాడు. ఖరీదైన యంత్రాలు లేకుండా మామూలు ఇళ్లలో కూడా చేసుకునే పద్ధతి ఆయనది. దానిమీద రాసిన పుస్తకం 1951లో వచ్చింది. తెలుగునాట చూస్తే 2017లో హైదరాబాద్‌లో మొదలైన అర్బన్ కిసాన్ లాంటి సంస్థలు ఈ సేద్యాన్ని నగరవాసులకి పరిచయం చేశాయి.

యూరియా వేస్తే పోలా?

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. చేనుకి వేసే గుప్పెడు యూరియా, కాస్త డీఏపీ బకెట్లో కలిపేస్తారు. వారం తిరిగేసరికి వేళ్లు గోధుమరంగులోకి మారతాయి. ఎందుకంటే, యూరియాని మొక్క నేరుగా పెద్దగా తీసుకోలేదు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ముందు అమ్మోనియంగా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. బకెట్లో ఆ సైన్యం లేదు. అమ్మోనియం ఎక్కువైతే లేతవేళ్లు దెబ్బతింటాయి. అందుకే నీటిసేద్యంలో నత్రజని చాలావరకు నైట్రేట్ రూపంలోనే ఇవ్వాలి.

మరి, 19-19-19 పొడి? అందులోనూ నత్రజని చాలామటుకు యూరియాగానే ఉంటుంది. పైగా కాల్షియం ఉండదు. పోనీ, సేంద్రియమే మంచిదని జీవామృతం పోస్తే? చేనులో అది చేసే మేలు వేరు. మూతపెట్టిన నీళ్లలో బెల్లం, పేడ కుళ్లి, వేళ్లకి అందాల్సిన ప్రాణవాయువుని సూక్ష్మజీవులే తాగేస్తాయి. కంపు మిగులుతుంది, మొక్క మిగలదు.

మొక్క గాలి నుంచి, నీళ్ల నుంచి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ తీసుకుంటుంది. మిగతా 14 మూలకాల్నీ వేళ్లకి మనమే అందించాలి. పెద్ద పట్టికలా కనిపిస్తుంది కానీ కొనాల్సినవి ఆరే. డ్రిప్ రైతులకి ఎరువులమ్మే దుకాణాల్లో దొరికేవే... కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ (13-0-45), మోనో పొటాషియం ఫాస్ఫేట్ (0-52-34), మెగ్నీషియం సల్ఫేట్ అనే ఎప్సం సాల్ట్, ఐరన్ ఈడీటీఏ, సూక్ష్మపోషకాల మిశ్రమం.

రెండు సీసాల సూత్రం

అన్నీ ఒకే సీసాలో చిక్కగా కలిపేస్తే పని సులువు కదా? కలిపి చూస్తే తెలుస్తుంది... పాలు విరిగినట్టు తెల్లటి ముద్ద అడుగుకి దిగుతుంది. కాల్షియం, సల్ఫేట్ కలిసి జిప్సం అయిపోతుంది. వేరుశెనగ చేలో చల్లే జిప్సమే! ఫాస్ఫేట్‌తో కలిసినా కాల్షియం అలాగే గడ్డకడుతుంది. అడుగున గడ్డకట్టింది వేళ్లకి అందదు. డబ్బు పోసి కొన్న పోషకం కళ్లముందే సున్నమైపోయినట్టు!

అందుకే రెండు సీసాలు. మొదటి సీసాలో లీటరు నీళ్లకి కాల్షియం నైట్రేట్ 55 గ్రాములు, ఐరన్ ఈడీటీఏ ఒకటిన్నర గ్రాము. రెండో సీసాలో లీటరు నీళ్లకి పొటాషియం నైట్రేట్ 25 గ్రాములు, ఎప్సం సాల్ట్ 25 గ్రాములు, మోనో పొటాషియం ఫాస్ఫేట్ 7 గ్రాములు. సూక్ష్మపోషకాల మిశ్రమం కూడా ఇందులోనే... 100 లీటర్లకి ఎంత వేయాలో ప్యాకెట్ మీద రాసినంత. అందులో ఇనుము ముందే ఉంటే మొదటి సీసాలో ఆ మేరకి తగ్గించాలి.

ఈ రెండు సీసాలూ కలిపి 100 లీటర్ల నీళ్లకి సరిపోతాయి. అంటే లీటరు నీళ్లకి ఒక్కోదాన్నుంచి 10 మిల్లీలీటర్లు. 20 లీటర్ల బకెట్‌కి 200 చొప్పున. ముందు బకెట్ నిండా నీళ్లు పట్టాలి. మొదటి సీసా నుంచి కొలిచి పోసి బాగా కలపాలి. ఆ తర్వాతే రెండోది. నీళ్లలో పలచబడ్డాక రెండూ తగువులాడుకోవు. ఇది హోగ్లండ్ లెక్కకి దాదాపు సగం బలం. పాలకూర, తోటకూర, పుదీనా, కొత్తిమీర లాంటివాటికి ఇది చాలు. టొమాటో, మిరప పూతకొచ్చాక దీనికి రెట్టింపు బలం అడుగుతాయి.

గుప్పెళ్లు, చెంచాలూ ఇక్కడ పనికిరావు. గ్రాము వరకూ తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉండాలి. ఇనుము లాంటివాటికి గ్రాములో పదోవంతు చూపించేది అయితే మరీ మంచిది. మట్టిలో ఎరువు కాస్త ఎక్కువైనా బంకమట్టి పట్టి ఉంచుతుంది, తక్కువైతే దాచుకున్నది ఇస్తుంది. నీళ్లకి ఆ పెద్దమనసు లేదు. వేసిన తప్పు వేసినట్టే వేళ్లకి చేరుతుంది.

ముందు నీళ్ల జాతకం

టీ కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? అయితే ఆ ఇంటి బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగానే ఉన్నట్టు. టీడీఎస్ మీటర్‌తో ఉత్త నీళ్లని ముందు చూసుకోవాలి. 200, 300 లోపుంటే నిశ్చింత. అప్పటికే 700 చూపిస్తుంటే పోషకాలకి చోటు లేనట్టే. వాననీళ్లు పట్టి వాడుకోవడమో, సగానికి సగం కలుపుకోవడమో చేయాలి. రెండు సీసాల మందూ కలిపాక, మొదట చూపించిన అంకెకి సుమారు 500 పెరిగితే కొలత కుదిరినట్టు.

రెండో పరీక్ష పీహెచ్. అయిదున్నర నుంచి ఆరున్నర మధ్య ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే ఇనుము నీళ్లలో ఉన్నా మొక్క నోటికి అందదు. లేత ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అదే జబ్బు. పీహెచ్ తగ్గించడానికి నిమ్మ ఉప్పు కొద్దిగా వేయొచ్చు కానీ దాని ప్రభావం నాలుగు రోజులే. పాత ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాల్లేదని, పాత ఆకుల్లోనే ఈనెల మధ్య పసుపు వస్తే మెగ్నీషియం తక్కువైందని గుర్తు.

ఎండ, నాచు, దోమ

తుని మేడల మీద మే నెల ఎండ గురించి చెప్పేదేముంది! 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువుని పట్టి ఉంచితే, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. వేళ్లకి ఊపిరాడదు, కుళ్లు మొదలవుతుంది. బకెట్లకి తెల్లరంగు, పైన నీడవల తప్పనిసరి. మొదటిసారి చేసేవాళ్లు అక్టోబరు, నవంబరుల్లో మొదలుపెడితే సగం కష్టాలు తప్పుతాయి.

మోటారు లేకుండా చేసే తేలిక పద్ధతి హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ చెప్పింది. బకెట్ మూతకి కన్నం చేసి, కొబ్బరిపొట్టులో మొలిచిన నారుని చిన్న జాలీకుండీలో పెట్టి అందులో దింపాలి. కుండీ అడుగు నీళ్లకి తగిలితే చాలు. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది. మధ్యలో ఏర్పడే ఖాళీలోని వేళ్లు గాలి పీల్చుకుంటాయి. పాపం తగ్గిపోయాయని మళ్లీ అంచుదాకా నింపితే ఆ వేళ్లు మునిగి చచ్చిపోతాయి. మూత బిగుతుగా ఉండాలి... వెలుగు తగిలితే నాచు, సందు దొరికితే దోమ.

ఇంకో జాగ్రత్త. పొటాషియం నైట్రేట్ అంటే బాణసంచాలో వాడే సూరేకారమే. కాల్షియం నైట్రేటూ ఆ కోవదే. గాలి, తడి తగలని డబ్బాలో, పొయ్యికి దూరంగా, పిల్లలకి అందనిచోట పెట్టాలి. డబ్బాల మీద పేర్లు రాయడం మరవొద్దు. ఎప్సం సాల్ట్ అయినా, మరేదైనా వంటింటి అలమారాలోకి రాకూడదు. ఆకుకూరల్లో నైట్రేట్ పేరుకునే గుణం ఉంది కాబట్టి కోతకి రెండు మూడు రోజుల ముందు మంచినీళ్లు మాత్రమే ఉంచడం మేలు. వాడేసిన ద్రావణాన్ని కాలవలో పోయకుండా కొబ్బరిచెట్టు పాదులో పోస్తే వృథా కాదు.

మరి లాభమేనా?

సంతలో కట్ట కొన్నంత చవగ్గా ఇంట్లో పాలకూర రాదు. మంచి నేల ఇచ్చేదానికన్నా నీటిసేద్యం అద్భుతంగా ఏమీ ఇవ్వదని హోగ్లండ్, ఆర్నన్ అప్పుడే తేల్చి చెప్పారు. పెరట్లో మట్టి ఉన్నవాళ్లు మట్టిలోనే వేసుకోవడం హాయి. మట్టి లేని మేడకి, ఎత్తలేని కుండీల బరువుకి, పిల్లల పళ్లెంలోకి మందు కొట్టని ఆకు రావాలన్న తపనకి ఇది ఒక దారి. ఆ దారిలో 'అద్భుత ద్రావణం' అంటూ ఏముందో రాయని రంగునీళ్ల సీసాలు అమ్మేవాళ్లూ ఎదురవుతారు. సీసాలో ఏముండాలో తెలిసిన ఇల్లాలిని వాళ్లు మోసం చేయలేరు.

నమ్మకం కుదరకపోతే ముందు ఆ హార్లిక్స్ సీసాతోనే మొదలుపెట్టొచ్చు. అర లీటరు నీళ్లలో రెండు సీసాల నుంచీ 5 మిల్లీలీటర్ల చొప్పున పోసి, వెలుగు తగలకుండా సీసా చుట్టూ కాగితం చుట్టి, పాలిపోయిన ఆ తమలపాకు తీగని అందులో పెట్టండి. పసుపు తిరిగిన పాత ఆకు మళ్లీ మారకపోవచ్చు. దాని పైన వచ్చే కొత్త ఆకు రంగు చూడండి... మిగతాది అదే చెబుతుంది!