పోలిక రుజువు కాదు

2020 మార్చి 11న కేంద్ర హోంమంత్రి అమిత్ షా లోక్‌సభలో ఢిల్లీ అల్లర్ల గురించి మాట్లాడుతూ, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ సాయంతో 1,100 మందిని గుర్తించామని ప్రకటించారు. ఆ సాఫ్ట్‌వేర్ మతాన్ని చూడదని, దుస్తులను చూడదని, ముఖాన్ని మాత్రమే చూస్తుందని సభకు నచ్చజెప్పారు. ఈ వాదాన్ని మేము అంగీకరించడం లేదు. అందుకు కారణం ప్రభుత్వం మీద అనుమానం ఒక్కటే కాదు. ఆ యంత్రం పనిచేసే తీరు.

ఆ తీరు బ్రహ్మరహస్యమేమీ కాదు. ఇంటెల్ సంస్థలో 1999లో మొదలైన ఓపెన్‌సీవీ, ముఖాలను పోల్చడానికి విరివిగా వాడే డీలిబ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని ఎవరైనా తెచ్చుకోవచ్చు, లోపలి కోడ్ చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. డబ్బు కట్టనక్కర లేకపోవడం చిన్న విషయం. మూత తెరిచి లోపలికి చూసే హక్కు ఉండడం పెద్ద విషయం.

మూత తెరిచి చూద్దాం. కంప్యూటరుకు ఫొటో అంటే అంకెల పట్టిక. నలుపు తెలుపు చిత్రంలోని ఒక్కో చుక్కకూ సాధారణంగా 0 నుంచి 255 లోపు ఒక అంకె ఉంటుంది. డీలిబ్ ఒక ముఖాన్ని 128 అంకెల వరుసగా మార్చి, మరో ముఖపు వరుసకూ దానికీ మధ్య దూరం ఎంతో లెక్కిస్తుంది. ఆ దూరం 0.6 కన్నా తక్కువైతే ఇద్దరూ ఒకరేనని భావించవచ్చని దానితోపాటు ఇచ్చిన సూచన చెబుతుంది. అంటే యంత్రం ‘ఇతడే’ అని చెప్పదు. ‘ఇంత దగ్గరగా ఉన్నాడు’ అని మాత్రమే చెబుతుంది. ఎంత దగ్గరైతే ఒకరే అనుకోవాలో గీత గీసేది మనిషి. గీత వదులైతే అమాయకులు చిక్కుతారు, బిగిస్తే దోషులు తప్పించుకుంటారు. ఇది గణితం తీర్చే సమస్య కాదు. న్యాయానికి సంబంధించిన నిర్ణయం.

ఢిల్లీ పోలీసులు ఆ గీత ఎక్కడ గీశారు? ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సమాచార హక్కు చట్టం కింద అడిగితే, 80 శాతం దాటిన పోలికను సరైనదిగా పరిగణిస్తామని 2022లో జవాబు వచ్చింది. అంతకు తక్కువ వచ్చినవాటిని కూడా కొట్టివేయరు. ఇతర సాక్ష్యాలతో సరిచూస్తారట. 80 ఎందుకు, 95 ఎందుకు కాదు? తప్పిపోయిన పిల్లలను వెతకడానికి తెచ్చిన వ్యవస్థ కచ్చితత్వం 2 శాతమేనని 2018లో ఢిల్లీ హైకోర్టుకు చెప్పుకున్నది కూడా ఈ పోలీసులే.

ఇక యంత్రం మతం చూడదన్న మాట. యంత్రం చూడకపోవచ్చు; కెమెరా ఏ గల్లీలో పెట్టాలో నిర్ణయించేవారు బస్తీని చూస్తారు. ఢిల్లీలో కెమెరాలు, పోలీసు స్టేషన్లు ఉన్న తీరును బట్టి ఈ సాంకేతికత భారం ముస్లింల మీద ఎక్కువగా పడే అవకాశముందని విధి సెంటర్ 2021లో వెల్లడించిన అధ్యయనం హెచ్చరించింది. యంత్రపు చూపు కూడా అందరిపట్ల సమానం కాదు. జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రు 2018లో మూడు కంపెనీల వ్యవస్థలను పరీక్షించారు. ముఖం చూసి స్త్రీయో పురుషుడో చెప్పడంలో తెల్లచర్మపు పురుషుల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. నల్లచర్మపు స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. బయటివారు పరీక్షించారు కాబట్టే ఆ లోపం లోకానికి తెలిసింది.

హైదరాబాదులో అలా పరీక్షించినవారెవరు? 2018లోనే తెలంగాణ పోలీసులు టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపును చేర్చారు. 2021 లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు తనను దారిలో ఆపి మాస్కు తీయమన్నారని, నిరాకరించినా ఫొటో తీశారని నగరానికి చెందిన ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. 2023లో మెదక్‌లో, గొలుసు దొంగతనం కేసు సీసీ కెమెరా దృశ్యంలోని మనిషిని పోలి ఉన్నాడన్న అనుమానంతో పట్టుకెళ్లిన ఒక ముస్లిం కూలీ ఆ తర్వాత ఆసుపత్రిలో ప్రాణాలు విడిచాడు. పోలీసులు చిత్రహింసలు పెట్టారని కుటుంబం ఆరోపించింది; హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. కంటితో పోల్చినా యంత్రంతో పోల్చినా పోలిక పోలికే. అది రుజువు కాదు.

‘తప్పు చేయనివాడికి భయమెందుకు?’ అని అడిగేవారికి ఇదే మా సమాధానం. తప్పు చేయనివాడి ముఖం కూడా మరొకరి ముఖానికి 0.6 కన్నా దగ్గరగా ఉండవచ్చు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దానంతటదే మనకు స్వేచ్ఛనిస్తుందన్న భ్రమ మాకు లేదు. ఏ పనికైనా వాడుకోవచ్చన్నది దాని మూలసూత్రం, నిఘాకూ వాడతారు. చిత్రంలోని వస్తువులను గుర్తించే యోలోను రూపొందించిన జోసెఫ్ రెడ్‌మన్, సైనిక వినియోగాన్నీ వ్యక్తిగత గోప్యతకు కలిగే ముప్పునూ చూసి ఈ పరిశోధననే మానుకున్నట్లు 2020లో ప్రకటించారు. ఆయన మానుకున్నారు, పోలీసులు మానుకోలేదు. కాబట్టి మనం దూరంగా ఉండి ప్రయోజనం లేదు.

ప్రభుత్వాన్ని మేము డిమాండ్ చేస్తున్నది నాలుగు విషయాలు. ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో, గీత ఎక్కడ గీశారో, ఎవరి ఫొటోలతో పోలుస్తున్నారో బయటపెట్టాలి. స్వతంత్ర నిపుణులతో పరీక్ష జరిపించి ఫలితాలు ప్రచురించాలి. పోలిక ఒక్కటే ఆధారంగా ఎవరినీ అరెస్టు చేయకూడదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది గనుక, శాసనసభలో చర్చించి చట్టం చేయనిదే ఈ వ్యవస్థను నడపకూడదు.

మన సమాజం చేయవలసిన పనీ ఉంది. న్యాయవాదులు బెయిల్ వాదనలోనే ‘పోలిక ఎంత శాతం?’ అని అడగాలి. ఇంజనీరింగ్ చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కురావడం మాని, ఓపెన్‌సీవీ, డీలిబ్‌లతో స్వయంగా ఒక పరీక్ష చేయాలి. ఇష్టపడి ఇచ్చినవారి ఫొటోలే తీసుకుని, గడ్డం ఉన్నప్పుడు, తలపై దుపట్టా ఉన్నప్పుడు, వెలుతురు తగ్గినప్పుడు యంత్రం ఎన్నిసార్లు పొరపడుతుందో లెక్కించి రాయాలి. ఓ మాదిరి కంప్యూటరు ఉంటే చాలు. అలాంటి పది నివేదికలు చేతిలో ఉంటే, రేపు కోర్టులో మన ఆవేదనతో పాటు మన లెక్క కూడా మాట్లాడుతుంది.