పద్నాలుగు పిల్లలు, వంద డోసుల సీసా

పొద్దున ఆరున్నరకి ఊరి నుంచి వీడియో కాల్ వస్తే ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది. నాకూ అంతే అయింది. ఆలేరు నుంచి నాయనమ్మ. ఆమె ముఖం కనిపించట్లేదు, ఫోన్ తిప్పి నేల చూపిస్తోంది. గంప పక్కన రెండు కోడిపిల్లలు కాళ్లు చాపి పడున్నాయి.

"నిన్న మాపటికి మంచిగనే నూకలు తిన్నయ్ బిడ్డా. పొద్దుగాల గంప లేపేసరికి ఇట్లున్నయ్. ఏమైందో జర నీ ఫోన్ల చూసి చెప్పు."

అవి మొత్తం పద్నాలుగు. పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టి, ఇరవై ఒక్క రోజులు దానికి మేత, నీళ్లు దగ్గర పెట్టి, పిల్లలయ్యాక మూడు వారాలు గద్దకీ పిల్లికీ దొరక్కుండా కాపాడింది. దసరాకి కొన్ని అమ్మి, రెండు పెట్టల్ని గుడ్లకి ఉంచుకుందామని ఆమె లెక్క. ఆ డబ్బు ఎవర్నీ అడగకుండా ఆమె చేతికొచ్చేది. మందుబిళ్లలు, రైలు టికెట్, నేనెళ్తే నా చేతిలో పెట్టే వంద నోటు, అన్నీ అందులోంచే.

నేనేం చేశానో చెప్తా, నవ్వొద్దు. యూట్యూబ్ ఓపెన్ చేశా. మొదటి వీడియోలో ఒకాయన గట్టిగా చెప్పిన యాంటీబయాటిక్ పొడి పేరు రాసుకుని, మెడికల్ షాపులో తెప్పించి నీళ్లలో కలపమన్నా. నాయనమ్మ పాపం అలాగే చేసింది. మర్నాటికి ఇంకో ఐదు పోయాయి. మిగిలినవి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. రెట్ట పచ్చగా, నీళ్లలా పడుతోంది. ఒక పిల్ల మెడ పూర్తిగా వెనక్కి తిరిగిపోయింది, ఆకాశం చూస్తున్నట్టు. తల్లికోడి రెక్కలు వాల్చి ఓ మూల నిలబడింది.

వాడలో అప్పటికే "బర్డ్ ఫ్లూ" అనే మాట మొదలైంది. తప్పు పట్టలేం. 2025 ఫిబ్రవరిలో మా యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, చౌటుప్పల్ మండలం నేలపట్ల కోళ్ల ఫారంలో అది బయటపడింది. ఆ భయం ఇంకా పోలేదు. నేను శనివారం సెలవు పెట్టి రైలెక్కా. నేను దిగేసరికి మూడే మిగిలాయి.

చచ్చిన పిల్లని చేతికి కవర్ తొడుక్కుని, రెండు పాలిథిన్ సంచుల్లో కట్టి పశువుల దవాఖానాకి తీసుకెళ్లా. డాక్టర్ మేడం కోసి చూపించారు. కందనకాయకి పైన ఉండే చిన్న జీర్ణాశయం లోపల సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. "చూస్తే కొక్కెర తెగుల్లా ఉంది. అయినా బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే కనిపించొచ్చు, కళ్లతో చూసి ఖాయం చేయలేం" అని శాంపిల్ ల్యాబ్‌కి పంపారు. తర్వాత కొక్కెరే అని తేలింది.

ఇంగ్లిష్ పేరు న్యూకాజిల్ డిసీజ్. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర కనబడింది కాబట్టి ఆ పేరు. ఆ మరుసటేడే మన హిమాలయాల కింద కుమావూ కొండల్లో, రాణిఖేత్‌లో కనిపించింది. అందుకే మన దగ్గర రాణిఖేత్ రోగం అంటారు. పాపం, అంత అందమైన ఊరికి రోగం పేరు అంటుకుంది! ఇది వైరస్. అంటే నేను కలపమన్న పొడి దానికి ఏమీ చేయదు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఒక్కటే. టీకా పడని పిల్లల్లో ఇది దాదాపు మొత్తం మందనే ఊడ్చేస్తుంది.

"మరి మూడు వారాలు మంచిగున్నయ్ కదా, ఒక్కసారి ఎట్ల?" అని నాయనమ్మ అడిగింది. అదే అడిగితే మేడం చెప్పారు: తల్లికి ఇదివరకు రోగం తగిలి బతికి ఉన్నా, టీకా పడి ఉన్నా, ఆ రక్షణ కొంచెం గుడ్డు ద్వారా పిల్లలకి వస్తుంది. రెండు మూడు వారాల్లో అది కరిగిపోతుంది. సరిగ్గా అప్పుడు వైరస్ గడపలోకి వస్తే అంతే. మా ఇంటికి ఎలా వచ్చిందో ఆలోచిస్తే, అంతకు వారం ముందే నాయనమ్మ అంగడిలో ఒక పెట్టను కొని నేరుగా మందలో వదిలింది. కొత్త కోడిని రెండు వారాలు వేరే గంప కింద ఉంచాలని మాకెవరికి తెలుసు?

ఇంకోటి. కోడిపిల్లలు చచ్చిన ప్రతిసారీ కొక్కెర కాదు. పుట్టిన నాలుగైదు రోజుల్లో, తల్లి లేకుండా హ్యాచరీ నుంచి తెచ్చిన పిల్లలు ఒకదానిమీద ఒకటెక్కి చనిపోతుంటే అది ఎక్కువగా చలి. మొదటి వారం వాటికి దాదాపు 35 డిగ్రీల వేడి కావాలి, బల్బు పెట్టాల్సిందే. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెట్టలో రక్తం వేస్తుంటే అది కాక్సిడియోసిస్, తడి నేల మీద పెరిగే పరాన్నజీవి పని. దానికి మందుంది, తొందరగా ఇస్తే బతుకుతాయి. అందుకే డాక్టర్‌కి "చచ్చిపోయాయి" అని కాకుండా వయసెంత, రెట్ట ఏ రంగు, మెడ ఎలా ఉంది చెప్పాలి. ఫోన్‌లో రెట్ట ఫొటో తీయడం కొంచెం ఇబ్బందే, కానీ నా యూట్యూబ్ వైద్యం కన్నా మేలు.

సరే, టీకా. మొదటి చుక్క ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకి, కంట్లోనో ముక్కులోనో. నాలుగు వారాలప్పుడు ఇంకోసారి. ఎనిమిది వారాలకి ఆర్2బి అనే సూది. ఇది 1940ల్లో ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో తయారైన రకం, ఘాటైనది, చిన్న పిల్లలకి వేస్తే అదే ప్రాణం తీస్తుంది. ఇంత తెలిసి కూడా మన పల్లెల్లో ఎందుకు వేయించరు?

నిర్లక్ష్యం అని తేల్చేస్తాం. నేను మందుల షాపుకి వెళ్లినప్పుడు సంగతి అర్థమైంది. నాకిచ్చిన సీసాలో వంద డోసులు. వందకి తక్కువ లేదట, పైన ఐదొందలు, వెయ్యి. ఫారాల కోసం చేసిన సరుకది. ఫ్రిజ్‌లో ఉండాలి, ఐసు మీద తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. మూడు పిల్లలున్న నాయనమ్మ తొంభై ఏడు డోసులు ఏం చేసుకుంటుంది?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీకి చెందిన పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం, పల్లెకోళ్ల కోసమే వేడికి కొంత తట్టుకునే ఐ-2 అనే టీకా రకాన్ని తయారుచేసింది. మొజాంబిక్, టాంజానియా లాంటి దేశాల్లో ఊరివాళ్లే నేర్చుకుని, ఇంటింటికీ తిరిగి నాలుగు నెలలకోసారి చుక్కలేస్తారు. మన దగ్గర ఐసు దొరుకుతుంది, ఫ్లాస్కు దొరుకుతుంది. లేనిది ఆ తిరిగే మనిషే.

మేడం ముందే చెప్పారు, మూడు వారాల దాకా ఆగు, ఇప్పుడు వాడలో తిరిగితే నీ చెప్పులతోనే రోగం పంచుతావు అని. చచ్చినవాటిని లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాం, గంపని ఎండలో పెట్టాం. ఆగాం. తర్వాత ఆదివారం సాయంత్రం, కోళ్లు గూళ్లలోకి చేరాక, తొమ్మిదిళ్లు కలిసి ఒక సీసా తెప్పించుకున్నాం. అందరికీ కబురు నా వాట్సాప్ గ్రూపు, డబ్బు వసూలు నాయనమ్మ. దవాఖానా నుంచి వచ్చినాయన ఒకసారి చేసి చూపించారు: పిల్లని పట్టుకోవడం, కంట్లో చుక్క, అది రెప్ప వాల్చేదాకా వదలకుండా ఉండటం. టార్చి లైటు పట్టుకోవడం నా పని. మొత్తం ఎనభై మూడు కోళ్లు. పక్కింటామె చెయ్యి అందరికన్నా నిలకడగా ఉంది, చివరి ఇరవైకి ఆమే వేసింది.

మా మూడింట్లో ఒకటి ఇప్పటికీ మెడ వంకరతో గుండ్రంగా తిరుగుతుంది. నూకలు నేల మీద అందవు దానికి, నాయనమ్మ అరచేతిలో పెట్టి తినిపిస్తుంది. దాన్ని అమ్మదట.

పెట్ట మళ్లీ గుడ్ల మీద కూర్చుంది. పిల్లలొచ్చాక ఏడో రోజు బుధవారం పడుతుంది, నాకు ఆఫీసు. అలారం పెట్టుకున్నా, సెలవు దొరకదేమో అని ఫోన్ చేశా.

"నువ్వు రాకున్నా నడుస్తది బిడ్డా" అంది. "పక్కింటామె ఉన్నది. ఐసు గడ్డలు కూడా ఇప్పటి సంది పెడుతున్నది."