జనవరి పిల్లాడు, డిసెంబర్ పిల్లాడు

స్కీయింగ్‌లో ఎవరు గొప్పో తేలాలంటే మంచు మీదే పరీక్ష పెట్టాలి కదా? ఆస్ట్రియాలో మాత్రం పిల్లల్ని జిమ్ హాల్లోకి కూడా తీసుకెళ్తారు.

అక్కడి టిరోల్ రాష్ట్రంలో స్టామ్స్ అనే చిన్న ఊరుంది. 1967లో మొదలైన అక్కడి స్కీ స్కూల్ నుంచి ఒలింపిక్ విజేతలు చాలామందే వచ్చారు. అలాంటి స్కూళ్లలో సీటు కావాలంటే ఎంట్రన్స్ ఉంటుంది. పెన్నుతో రాసేది కాదు, ఒంటితో రాసేది. ఎంత ఎత్తు ఎగురుతావు? ఒంటికాలి మీద ఎంత నిలకడగా ఉంటావు? పొట్ట, నడుము కండరాల్లో బలమెంత? వీటినే మోటార్ ఎబిలిటీ టెస్టులు అంటారు. మంచు రోజుకో రకంగా ఉంటుంది, జిమ్‌లో నేల మారదు. అందుకే ఈ కొలతల్ని ఏటా పోల్చి చూడొచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. రేసుల్లో పిల్లల్ని పుట్టిన ఏడాదిని బట్టి గ్రూపులు చేస్తారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూపు. పదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే మాటలా! ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీ పరిశోధకులు చూస్తే, ఎంపికైనవాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా తేలారు. అంటే మనం టాలెంట్ అనుకుంటున్నదాంట్లో కొంత వట్టి క్యాలెండర్ అన్నమాట!

పైగా ఒకే నెలలో పుట్టినా అందరూ ఒకేసారి ఎదగరు. ఒకడికి పన్నెండేళ్లకే మీసం మొలుస్తుంది, ఇంకొకడు పదిహేనేళ్లకు గానీ పొడుగవడు. అందుకే ఆ పరిశోధకులు నిలబడిన ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు కొలిచి, శరీరం ఎంతవరకు ఎదిగిందో అంచనా వేశారు. స్కోరు పక్కన ఈ లెక్క కూడా ఉంటేనే న్యాయం.

అలాగని టెస్టులు దండగ అనుకోకండి. ఆస్ట్రియా టీనేజ్ రేసర్ల పదేళ్ల రికార్డులు చూసి 2012లో ఒక అధ్యయనం వేశారు. మోకాల్లోని ఏసీఎల్ లిగమెంట్ తెగే ముప్పుకీ, నడుము కండరాల బలహీనతకీ సంబంధం ఉందని అందులో తేలింది. ఎవరికి ఏ బలం తక్కువో ముందే తెలిస్తే, కాలు విరగ్గొట్టుకోకముందే సరిచేయొచ్చు.

టెస్టు అసలు పని అదే. లోపం చూపించాలి, పిల్లాడిని ఇంటికి పంపకూడదు.

మన స్కూల్ గ్రౌండ్లో అండర్-14 సెలక్షన్స్‌లో పేరు రాలేదని ఏడ్చిన తమ్ముడో చెల్లో మీ ఇంట్లో ఉన్నారా? ఒకసారి పుట్టిన నెల అడిగి చూడండి.